ఎనిమిది గంటల నిద్ర లేని కళాశాలలో బిడ్డను చేర్చకండి

పదో తరగతి పరీక్షలు ముగియకముందే కార్పొరేట్ కళాశాలల పీఆర్వోలు ఇళ్ల తలుపులు తడతారు. ఐఐటి ఫౌండేషన్ పేరుతో కొన్ని ఇళ్లకు అయిదో తరగతి నుంచే వస్తారు. చేతిలో రంగుల కరపత్రం ఉంటుంది. ఈ నెలాఖరులోగా సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ ఇప్పిస్తామంటారు. ఆ రాత్రి భార్యాభర్తలు కూర్చుని లెక్కలు వేసుకుంటారు. ఫీజు ఎంత, గత ఏడాది ఎన్ని ర్యాంకులు వచ్చాయి, ఏ క్యాంపస్ మంచిది, తోడికోడలి కొడుకు ఎక్కడ చేరాడు, పొలం మీద అప్పు పుడుతుందా. ఈ లెక్కల్లో ఒక్క అంకె మాత్రం కనిపించదు. మన బిడ్డ అక్కడ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతాడు?

మూడున్నర దశాబ్దాలు ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన వైద్యుడిగా ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. పదిహేనేళ్ల బిడ్డకు కనీసం ఎనిమిది గంటల నిద్రకు చోటివ్వని దినచర్య ఏ కళాశాలలో అమలవుతున్నా, దానికి ఎన్ని ర్యాంకులు వచ్చినా, అక్కడ మీ బిడ్డను చేర్చకండి. ఈ మాట కొందరికి చాదస్తంగా తోచవచ్చు. కారణాలు విన్న తరువాత నిర్ణయించుకోండి.

ఎనిమిది గంటలు ఎందుకు?

ఈ అంకె నా సొంతం కాదు. అమెరికాలోని నిద్రా వైద్య నిపుణుల సంస్థ అప్పటికున్న పరిశోధనలను పరిశీలించి 2016లో ఒక ఏకాభిప్రాయ ప్రకటన వెలువరించింది. దాని ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. అంటే ఎనిమిది గంటలన్నది కనిష్ఠ పరిమితి. నేను అడుగుతున్నది ఆ కనిష్ఠాన్నే.

కౌమారంలో శరీరంలోని గడియారం కొంత వెనక్కి జరుగుతుంది. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ అనే హార్మోను ఈ వయసులో రాత్రి ఆలస్యంగా స్రవిస్తుంది. అందుకే పదహారేళ్ల పిల్లవాడికి తొమ్మిదింటికి నిద్ర రాదు, తెల్లవారుజామున అయిదింటికి మెలకువ రాదు. మీరు దాన్ని బద్ధకం అంటారు. శరీర ధర్మశాస్త్రం దాన్ని ఆ వయసు లక్షణం అంటుంది. ఈ కారణంగానే అమెరికా శిశువైద్యుల సంఘం 2014లో ఉన్నత పాఠశాలలు ఉదయం 8.30 కంటే ముందు ప్రారంభం కాకూడదని సూచించింది.

నిద్రలో మెదడు ఊరకే ఉండదు. పగలు నేర్చుకున్న పాఠం స్థిరమైన జ్ఞాపకంగా మారే పనిలో ముఖ్యభాగం నిద్రలోనే జరుగుతుంది. ఎదుగుదల హార్మోను ప్రధానంగా గాఢనిద్రలో విడుదలవుతుంది. నిద్ర తగ్గితే ఏకాగ్రత, ఓర్పు తగ్గుతాయి. చిన్న మాటకే కన్నీళ్లు, చిన్న ఓటమికే నిరాశ కలుగుతాయి. నిద్రలేమికీ కుంగుబాటుకూ ఉన్న సంబంధం వైద్యులందరికీ తెలిసినదే. రాత్రి పదకొండు దాకా చదివించి అయిదింటికి లేపేవారు పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్నదాన్ని ఆ రాత్రే పోగొట్టుకునేలా చేస్తున్నారు. చదువు పేరుతోనే చదువుకు నష్టం జరుగుతోంది.

దినచర్యను మందుచీటీలా చదవండి

మన రెండు రాష్ట్రాలలోని అనేక రెసిడెన్షియల్ కళాశాలలలో అమలవుతున్న దినచర్య ఇంచుమించు ఒక్కటే. ఉదయం 5 గంటలకు లేపుతారు. స్నానాల గదుల ముందు వరుస ఉంటుంది గనుక తెలివైనవాడు నాలుగున్నరకే లేస్తాడు. 6 గంటలకు స్టడీ అవర్. 8 నుంచి సాయంత్రం దాకా తరగతులు. కొంత విరామం తరువాత మళ్లీ స్టడీ అవర్, భోజనం, రాత్రి 10.30 దాకా మరొక స్టడీ అవర్. పడక చేరేసరికి 11. వారాంతపు పరీక్షకు ముందు రోజు మరికొంత ఆలస్యం. నిద్రకు మిగిలేది ఆరు గంటలు, లేదా అంతకంటే తక్కువ.

రోజుకు రెండు గంటల లోటు అంటే వారానికి పద్నాలుగు గంటలు. అంటే ప్రతి వారం దాదాపు రెండు రాత్రులు మీ బిడ్డ అసలు నిద్రపోలేదని అర్థం. ఆదివారం పరీక్ష పెడితే ఆ లోటు తీర్చుకునే దారి కూడా ఉండదు.

1997లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న పెద్దల పనితీరును మద్యం సేవించినవారి పనితీరుతో పోల్చి చూశారు. ఆ మేలుకొలుపు వల్ల కలిగిన మందగింపు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి మందగింపుతో సమానమని తేలింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే పరిమితి 0.03 శాతం. అయిదింటికి లేచిన పిల్లవాడు రాత్రి పదింటికి స్టడీ అవర్‌లో కూర్చునేసరికి సరిగ్గా 17 గంటలు పూర్తవుతాయి. ఆ స్థితిలో ఉన్నవాడికి వాహనం తాళం ఇవ్వడానికి మనం జంకుతాం. భౌతికశాస్త్రం లెక్క ఇచ్చి, తప్పు చేస్తే నిలబెడుతున్నాం.

చట్టం ఏమంటోంది?

బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది, 2016లో సవరించబడింది. దాని ప్రకారం 14 నుంచి 18 ఏళ్ల లోపు వారిని రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పనిలో ఉంచరాదు. మధ్యలోని విశ్రాంతితో కలిపి పనివేళ ఆరు గంటలు దాటరాదు. వరుసగా మూడు గంటలు పనిచేయించిన తరువాత ఒక గంట విశ్రాంతి ఇచ్చి తీరాలి. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే పదహారేళ్ల కుర్రవాడికి చట్టం కల్పించిన రక్షణ ఇది. లక్షల రూపాయలు చెల్లించి హాస్టల్లో చేరిన అదే వయసు కుర్రవాడికి ఈ రక్షణ లేదు. చదువూ కూలిపనీ ఒకటి కావని నాకూ తెలుసు. కానీ కండరాలకు అలసట ఉన్నట్టే మెదడుకూ ఉంటుంది. శరీరం ఈ రెండింటికీ వేరు వేరు ఖాతాలు నిర్వహించదు.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ శిక్షణ కేంద్రాలకు మార్గదర్శకాలు జారీ చేసింది. 16 ఏళ్ల లోపు పిల్లలను చేర్చుకోరాదని, రోజుకు అయిదు గంటలకు మించి తరగతులు జరపరాదని, వారాంతపు సెలవు ఇవ్వాలని, ఆ మరుసటి రోజు పరీక్ష పెట్టరాదని వాటిలో ఉంది. మధ్యలో మానుకున్న విద్యార్థికి మిగిలిన కాలానికి ఫీజు పది రోజులలో తిరిగి చెల్లించాలని కూడా ఉంది. మన కార్పొరేట్ యాజమాన్యాలు ప్రకటనలలో తమది దేశంలోనే మేటి శిక్షణ అని చెప్పుకుంటాయి. నిబంధనల ప్రస్తావన రాగానే మాది శిక్షణ కేంద్రం కాదు, గుర్తింపు పొందిన జూనియర్ కళాశాల అంటాయి. రెండు ముఖాలతో బతకడం వాటికి లాభం. ఆ మధ్యలో మీ బిడ్డ ఉన్నాడు.

ర్యాంకుల ప్రకటనలో లేని అంకె

ఫలితాలు వచ్చిన మరునాడు దినపత్రిక మొదటి పేజీ నిండా పిల్లల ముఖాలు కనిపిస్తాయి. ఒక మందుల కంపెనీ ప్రతినిధి నా దగ్గరకు వచ్చి ‘ఈ మందుతో నూరు మందికి నయమైంది’ అని చెబితే నేను వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. ఎంతమందికి ఇచ్చారు? రెండు వందల మందికి ఇస్తే నూరు మందికి నయం కావడం గొప్పే. లక్ష మందికి ఇస్తే అది మందే కాదు. ఆ తరువాత మరో ప్రశ్న వేస్తాను. మిగిలినవారికి ఏమైంది?

ర్యాంకుల ప్రకటనలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఉండదు. ఎన్ని వేల మంది చేరారో, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారో, ర్యాంకు తెచ్చినవాడు ప్రత్యేక బ్యాచ్‌లో చదివాడా, మీ బిడ్డ కూర్చోబోయే సెక్షన్‌లో చదివాడా అన్నది ఎవరూ చెప్పరు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన విద్యార్థి ఏ కోర్సు ఎంతకాలం చదివాడో ప్రకటనలో వెల్లడించాలని, అతడి లిఖితపూర్వక సమ్మతి లేకుండా పేరు గానీ ఫొటో గానీ వాడరాదని వాటి సారాంశం. ఇలాంటి నియమం అవసరమైందంటేనే ఆ ప్రకటనల విశ్వసనీయత మీకు అర్థం కావాలి.

సీట్ల లెక్క కూడా చూడండి. 2024లో నీట్‌కు 24 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. అప్పటికి దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.1 లక్షలు. అదే ఏడాది జేఈఈ మెయిన్‌కు 14 లక్షల మందికి పైగా పోటీపడితే ఐఐటిలలో సీట్లు సుమారు 17,700. అందరూ రోజుకు ఇరవై గంటలు చదివినా ఆ సీట్లు పెరగవు. నిద్ర మానడం మాత్రం అందరూ మానుతున్నారు. మూల్యం ప్రతివాడూ చెల్లిస్తుండగా, ఫలం దక్కేది కొందరికే.

మీరు చెప్పే సమాధానాలు

‘రెండేళ్లు కష్టపడితే జీవితాంతం సుఖపడతాడు’ అంటారు. పదిహేను నుంచి పదిహేడు వరకు గల ఆ రెండేళ్లు మరో రెండేళ్లతో మార్చుకోదగినవి కావు. ఎముకలు బలం కూడగట్టుకునే కాలమది. మెదడులో విచక్షణకు సంబంధించిన భాగం ఇంకా రూపుదిద్దుకుంటున్న కాలమది. ఆడపిల్లలలో నెలసరి క్రమబద్ధం కావలసిన కాలమది. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల బాలికలలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. అలాంటి బాలికకు ఎండ లేదు, ఆట లేదు, పది నిమిషాలలో ముగించవలసిన భోజనం, పైగా నిద్రలేదు. నెలల తరబడి నెలసరి ఆగిపోయిన, తలనొప్పితో కడుపునొప్పితో వచ్చిన హాస్టల్ పిల్లలను ఓపీలో ఎందరినో చూశాను. వారిలో చాలామందికి పరీక్షలలో ఏ రోగమూ బయటపడదు. ఇంటికి తీసుకువెళ్లి పది రోజులు కడుపునిండా తిననిచ్చి, కంటినిండా నిద్రపోనిస్తే సగం బాధ తగ్గుతుంది.

‘ఎందరో ఇలాగే చదివి అమెరికాలో స్థిరపడ్డారు’ అంటారు. నిజమే. పొగతాగి తొంభై ఏళ్లు బతికినవారూ ఉన్నారు. వారిని చూపి పొగాకు మంచిదని ఏ వైద్యుడూ చెప్పడు.

‘వాడే చేరతానంటున్నాడు’ అంటారు. పదిహేనేళ్లవాడు స్నేహితులు చేరుతున్నారని చేరతానంటాడు, మీ ముఖంలో ఆశ చూసి చేరతానంటాడు. ఇరవై నాలుగు గంటల నిద్రలేమి ఎలా ఉంటుందో వాడికి తెలియదు. ఆ వయసువాడి సంతకంతో శస్త్రచికిత్స కూడా చేయం. తల్లిదండ్రుల సమ్మతి అడుగుతాం. ఇక్కడ కూడా బాధ్యత మీదే.

ఇక నేను గౌరవంతో వినే వాదన ఒకటుంది. ‘అయ్యా, మాకు ఆస్తి లేదు, పలుకుబడి లేదు. నేను ఆటో నడుపుతాను, మా ఆవిడ కూలికి పోతుంది. మా బిడ్డ పైకి రావడానికి ఇదొక్కటే నిచ్చెన. నిద్ర గురించి మాట్లాడే తీరిక మాకెక్కడిది?’ ఈ మాట అన్న తండ్రిని నేను తప్పుపట్టను. కానీ కఠినమైన చదువుకు నిద్ర మానడం షరతు కాదని మన రాష్ట్ర చరిత్రే చెబుతోంది. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. తరువాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. పేద రైతుల, కూలీల బిడ్డలు ఎందరో ఆ పాఠశాలలలో చదివి పదో తరగతి ర్యాంకులలో ముందు నిలిచారు, వైద్యులయ్యారు, ఇంజనీర్లయ్యారు, అధికారులయ్యారు. అక్కడ క్రమశిక్షణ కఠినమే. అయినా సాయంత్రం ఆటల వేళ దినచర్యలో భాగంగా ఉండేది.

నిచ్చెన కూడా ఒక్కటే లేదు. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగు చదువులో చేర్చుకునే ట్రిపుల్ ఐటీలు 2008 నుంచి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ఉన్నాయి. పాలిసెట్ రాసి డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఉద్యోగం కావలసిన ఇంటికి ఇది తొందరగా చేర్చే దారి. పీఆర్వో ఈ మాటలు మీకు చెప్పడు. అతడికి వాటిలో కమీషన్ లేదు.

మరణాల సంగతి

రాయడానికి చేయి రాకపోయినా రాయక తప్పదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత కొద్ది రోజులలోనే ఇరవై మందికి పైగా పిల్లలు మరణించారు. ఆత్మహత్యకు కారణం ఒక్కటే ఉండదు. నిద్రలేమి ఒక్కటే దీనికి మూలమని నేను అనను. అయితే మాట పడిన రోజున, మార్కులు తగ్గిన రోజున, కింది సెక్షన్‌కు మార్చిన రోజున ఆ బిడ్డకు తట్టుకునే శక్తినిచ్చేవి మూడు: నిద్ర, తనవారితో మాట, కాస్త ఆట. మన హాస్టళ్లు ఆ మూడింటినీ ముందే తీసివేస్తున్నాయి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక బాలిక 2023లో మరణించింది. ఆ కేసు దర్యాప్తును సుప్రీంకోర్టు 2025 జులై 25న సీబీఐకి అప్పగిస్తూ దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదని, అందరి ముందు అవమానించరాదని, శక్తికి మించిన లక్ష్యాలు విధించరాదని చెప్పింది. నూరు మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీరు చూడబోయే క్యాంపస్‌లో ఇవి అమలవుతున్నాయా? అడగండి. అది మీ హక్కు.

డబ్బు కట్టేముందు అడగవలసినవి

1. రాత్రి దీపాలు ఎన్నింటికి ఆర్పుతారు, ఉదయం ఎన్నింటికి లేపుతారు? దినచర్యను కాగితం మీద ఇమ్మనండి. పరీక్ష ముందు రోజు దినచర్య కూడా ఇమ్మనండి. ఇవ్వకపోతే లేచి రండి.

2. ఆటకు రోజుకు ఎంత సమయం? మైదానం ఎక్కడ? ఈ వయసువారికి రోజుకు గంటసేపు శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేడ మీది రేకుల షెడ్డు మైదానం కాదు.

3. గత ఏడాది మా బిడ్డ చేరబోయే సెక్షన్‌లో ఎందరు చేరారు, ఎందరు చివరిదాకా ఉన్నారు, ఎందరికి సీట్లు వచ్చాయి?

4. కౌన్సెలర్ పేరు, అర్హత ఏమిటి? వార్డెన్‌నే కౌన్సెలర్‌గా చూపితే ఒప్పుకోకండి.

5. బిడ్డ తనకు అవసరమైన రోజున ఇంటికి ఫోన్ చేయవచ్చా? మాట్లాడేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడతారా?

6. మధ్యలో మానిపిస్తే ఎంత ఫీజు తిరిగి ఇస్తారు? ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఏడాది ఫీజంతా ముందే కట్టినందువల్లనే, బిడ్డ ఏడుస్తున్నా ఇంటికి తీసుకురాలేని తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వీలైనంత వరకు విడతలుగా చెల్లించండి.

ఈ ప్రశ్నలకు విసుక్కునే యాజమాన్యం రేపు మీ బిడ్డ ప్రశ్నకు ఎలా స్పందిస్తుందో ఊహించుకోండి.

ఇప్పటికే చేర్చినవారికి

ఔటింగ్ రోజున బిడ్డ ఇంటికి వస్తే మార్కులు అడగకండి. ముందు ఎంతసేపు నిద్రపోతాడో చూడండి. పన్నెండు, పద్నాలుగు గంటలు లేవకుండా పడుకుంటే అది హాస్టల్లో మిగిలిన బాకీ. బరువు తూచండి. ఆడపిల్లను నెలసరి గురించి తల్లి అడగాలి. మూడు నెలలు రాకపోతే వైద్యుడికి చూపించండి. తరచూ తలనొప్పి, కడుపునొప్పి, జుట్టు రాలడం, అన్నం మీద విముఖత, ఇంతకుముందు ఇష్టమైన వాటిపై ఆసక్తి పోవడం, ఫోన్‌లో పొడిపొడి మాటలు గమనించండి. ‘నాటకాలాడుతున్నాడు’ అన్న మాట మీ నోట రానీయకండి.

చావు ప్రస్తావన గానీ, ‘నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది’ వంటి మాట గానీ వినిపిస్తే ఆ రోజే బయలుదేరి వెళ్లి ఇంటికి తీసుకురండి. పరీక్ష మర్నాడే ఉన్నా సరే. ఒంటరిగా వదలకండి. మానసిక వైద్యుడికి చూపించండి. టెలిమానస్ సహాయవాణి 14416 ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీ బిడ్డ నోట్సు అట్ట మీద రాసి పంపండి.

బిడ్డ బాగా చదవాలని కోరుకోవడం తప్పు కాదు. కష్టపడమని చెప్పడమూ తప్పు కాదు. రోజుకు పదహారు గంటలు మెలకువగా ఉంటాడు కదా, అందులో చదవనివ్వండి, కాసేపు ఆడుకోనివ్వండి, అమ్మతో మాట్లాడనివ్వండి. మిగిలిన ఎనిమిది గంటలు మీవీ కావు, కళాశాలవీ కావు. వాటిని అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. ఈసారి పీఆర్వో వచ్చి కరపత్రం చేతిలో పెట్టినప్పుడు, ఫీజు అడగకముందు, నిద్రవేళ అడగండి.